మెడ మీద గడ్డ: మలాం రాసే ముందు అదేమిటో తెలియాలి

మెడ మీద గడ్డ తగిలిందని నా దవాఖానాకు వచ్చేవాళ్లలో రెండు రకాలున్నారు. వేలికి తగిలిన మర్నాడే కంగారుపడి వచ్చేవాళ్లు కొందరు. ఎనిమిది నెలలో, ఏడాదో దుపట్టా కింద దాచిపెట్టి, అది పగిలి చీము కారడం మొదలయ్యాక వచ్చేవాళ్లు మరికొందరు. మొదటి రకం వాళ్లకు నూటికి తొంభై మందికి ధైర్యం చెప్పి పంపిస్తాను. నాకు దిగులంతా రెండో రకం వాళ్ల గురించే. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, అందులోనూ పెళ్లికాని ఆడపిల్లలే.

ఇప్పుడు మూడో రకం కూడా తయారైంది. ఫోన్‌లో ఫోటో పంపి, "హకీం సాబ్, ఈ గడ్డకు ఏదైనా మలాం చెప్పండి" అని అడుగుతారు. షోలాపూర్ నుంచి, బరంపురం నుంచి, ఆంబూరు నుంచి కూడా ఇలాంటి ఫోటోలు వస్తుంటాయి. ఫోటోలో గడ్డ ఎత్తు కనబడుతుంది గాని, అది మెత్తగా ఉందా, గట్టిగా ఉందా, పట్టుకుంటే కదులుతుందా, లోపల అతుక్కుపోయిందా అన్నది కనబడదు. అది తెలియకుండా మలాం చెప్పడం వైద్యం కాదు. అందుకే ఈ వారం ఆ ప్రశ్నకే వివరంగా జవాబు రాస్తున్నాను.

మా తిబ్బ్ పుస్తకాల్లో వాపును "వరమ్" అంటారు. తెలుగు వరంతో పొరపాటు పడకండి. వరమ్ అనేది జబ్బు పేరు కాదు, జబ్బు చూపించే గుర్తు మాత్రమే. మెడ చిన్న చోటే అయినా అందులో ఉన్నవి చాలా. శరీరంలోని లింఫ్ గ్రంథుల్లో దాదాపు మూడో వంతు మెడలోనే ఉన్నాయి. వాటికి తోడు లాలాజల గ్రంథులు, థైరాయిడ్ గ్రంథి, పెద్ద రక్తనాళాలు, కండరాలు, చర్మం కింద కొవ్వు. గడ్డ వీటిలో దేనినుంచైనా రావచ్చు. కాబట్టి పక్కింటి ఖాలాకు తగ్గిన మందు మీకు కూడా తగ్గిస్తుందని అనుకోవడానికి వీల్లేదు.

పిల్లల మెడలో బిళ్లలు

కాలికి ముల్లు గుచ్చుకుని పుండైతే గజ్జల్లో బిళ్ల కడుతుంది. ఈ సంగతి మన పల్లెల్లో అందరికీ తెలుసు. మెడలో బిళ్లలు కట్టడమూ అంతే. గొంతు నొప్పి వచ్చినా, టాన్సిల్స్ వాచినా, చెవిలో చీము పట్టినా, పన్ను పుచ్చినా దగ్గరలో ఉన్న గ్రంథి కాపలాదారులా పని చేసి ఉబ్బుతుంది. తలలో పేలు, కురుపులు ఉన్న పిల్లలకు మెడ వెనక, చెవి వెనక శనగ గింజంత బిళ్లలు తగులుతాయి. అమ్మలు స్నానం చేయిస్తూ వీటిని చూసి హడలిపోతారు. ముందు తల చూడండి, తర్వాత నోరు తెరిపించి పళ్లు చూడండి. కారణం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఇలాంటి బిళ్ల ముట్టుకుంటే నొప్పిగా ఉంటుంది, వేలి కింద జారుతుంది, గొంతు బాగైన రెండు మూడు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. సన్నటి పిల్లల్లో బఠానీ గింజకన్నా చిన్న బిళ్లలు జబ్బు తగ్గాక కూడా నెలల తరబడి తగులుతూనే ఉండవచ్చు. పెరగకపోతే వాటికి మందు అక్కర్లేదు. గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించడం, పెద్దవాళ్లయితే గొంతుకు షర్బతె తూత్ సియా కొద్దిగా తీసుకోవడం చాలు. షుగర్ ఉన్నవాళ్లు షర్బత్ జోలికి పోవద్దు. రోజుకు పదిసార్లు వేలితో నొక్కి "తగ్గిందా లేదా" అని చూడటం మాత్రం మానాలి. నొక్కుడుకే అది మరింత వాస్తుంది.

గవదబిళ్లలు వేరు. అవి చెవి ముందు, చెవి తమ్మె కింద వాచి మొహం ఆకారాన్నే మార్చేస్తాయి. అది లాలాజల గ్రంథికి వైరస్ వల్ల వచ్చే వాపు. దవడ కింద ఒక పక్కే, అదీ అన్నం తినేటప్పుడే ఉబ్బి, గంటా రెండు గంటల్లో తగ్గిపోయే వాపు ఉంటే లాలాజల గొట్టంలో రాయి అడ్డుపడి ఉండవచ్చు. ఇది చెబితే చాలామంది నమ్మరు. కిడ్నీలోనే కాదు, నోటి కింద కూడా రాళ్లు వస్తాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. పుచ్చిపన్ను తర్వాత దవడ కింద ఒక్కసారిగా గట్టి వాపు వచ్చి, జ్వరం, నోరు తెరవలేకపోవడం, ఉమ్మి మింగలేకపోవడం, ఊపిరి కష్టం కావడం మొదలైతే తెల్లారేదాకా ఆగవద్దు. అర్ధరాత్రి అయినా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. షుగర్ ఉన్నవాళ్లకు ఇది మరీ ప్రమాదం.

కంఠమాల

ఇక అసలు సంగతికి వస్తాను. మనవాళ్లు దాచిపెట్టే గడ్డల్లో నేను ఎక్కువగా చూసేది కంఠమాల. మెడ పక్కన ఒకదాని పక్కన ఒకటి బిళ్లలు పేరుకుని దండ వేసినట్టు కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. అరబ్బీ వైద్య గ్రంథాల్లో దీన్ని "ఖనాజీర్" అన్నారు. ఖింజీర్ అనే మాటకు బహువచనం అది. ఆ మాట చెవిన పడగానే మన ఇళ్లలో మొహం చిట్లిస్తారు. యూరప్ వైద్యులు పెట్టుకున్న "స్క్రోఫులా" అన్న పేరు కూడా లాటిన్‌లో ఆడపందికి వాడే మాటలోంచే వచ్చింది. పంది మెడలా లావెక్కుతుందనే పోలికే తప్ప, ఆ జంతువుతో ఈ జబ్బుకు సంబంధమేమీ లేదు.

చిక్కటి బల్గం మెడలో పేరుకుని ఇది వస్తుందని మా పూర్వ హకీములు రాశారు. గడ్డ రూపాన్ని, నెమ్మదిగా పెరిగే తీరును, చివరకు పగిలి మానని పుండు కావడాన్ని వాళ్లు వర్ణించిన తీరు ఈనాటికీ అక్షరాలా సరిపోతుంది. కారణం మాత్రం 1882లో రాబర్ట్ కోచ్ టీబీ క్రిమిని కనిపెట్టాక తేలింది. కంఠమాల అంటే చాలావరకు లింఫ్ గ్రంథులకు పట్టిన టీబీ. ఊపిరితిత్తులకు బయట వచ్చే టీబీలో మన దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే.

దీని స్వభావమే మనిషిని మోసం చేస్తుంది. నొప్పి ఉండదు, ఎర్రబడదు, వేడిగా ఉండదు. వారాలు, నెలలు తీసుకుని పెరుగుతుంది. దగ్గు ఉండకపోవచ్చు. ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉండవచ్చు. కొందరికి సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడటం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటాయి, కొందరికి అవేవీ ఉండవు. మొదట విడివిడిగా జారే బిళ్లలు తర్వాత ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆపైన లోపల మెత్తబడి చీము పడుతుంది. చీము ఉన్నా వేడి ఉండదు కాబట్టి దీన్ని చల్లని గడ్డ అంటారు. ఈ దశలో ఎవరో ఒకరు బ్లేడుతో కోసి చీము తీస్తారు. ఆ కోసిన చోటు మానదు. నెలల తరబడి కారుతూనే ఉంటుంది, చివరకు మానినా ముడతలు పడ్డ మచ్చ జీవితాంతం మిగులుతుంది.

పంతొమ్మిదేళ్ల అమ్మాయి ఒకామె గుర్తొస్తోంది. మంగ్నీ అయింది, నిఖాకు ఇంకా ఆరు నెలలు ఉంది. మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ. "అటువైపు వాళ్లకు తెలిస్తే ఎలా? నిఖా అయ్యాక చూపిద్దాం" అని దాదీ అన్నారట. ఎవరో ఇచ్చిన లేపనం వేశారు, వాత పెట్టించారు, ఇంకెవరో కోశారు. నా దగ్గరకు వచ్చేసరికి మెడ మీద రెండు రంధ్రాలు. ప్రభుత్వాసుపత్రికి పంపాను, టీబీ అని తేలింది, ఆరు నెలల మందులతో పూర్తిగా నయమైంది. మచ్చ మాత్రం ఉంది. మొదట్లోనే మందు మొదలుపెట్టి ఉంటే నిఖా నాటికి కోర్సూ పూర్తయ్యేది, మెడా శుభ్రంగా ఉండేది. ఏ మచ్చ పడుతుందని భయపడి దాచారో, దాచడం వల్లే ఆ మచ్చ పడింది.

ఇంట్లో పెద్దలు అడిగే ప్రశ్నలు నాకు తెలుసు. గ్రంథుల టీబీ ఒకరినుంచి ఒకరికి అంటుకుంటుందా? ఊపిరితిత్తుల్లో కూడా జబ్బు ఉంటే తప్ప అంటదు. అది చూడటానికే డాక్టర్ ఛాతీ ఎక్స్‌రే తీయిస్తారు. కంచం, గ్లాసు వేరు చేయనక్కర్లేదు, పిల్లను గదిలో కూర్చోబెట్టనక్కర్లేదు. ఇది వంశంలో వచ్చే జబ్బా? కాదు. పిల్లలు పుట్టరా? మెడ గ్రంథుల టీబీకీ దానికీ సంబంధం లేదు.

మందులు దేశంలో ఏ రాష్ట్రంలోనైనా ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. సాధారణంగా ఆరు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ. పోషకాహారం కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసేవారు. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 రూపాయలు చేశారు. మనలా వేరే రాష్ట్రాల్లో స్థిరపడ్డవాళ్లకు పనికొచ్చే విషయం ఇంకోటి ఉంది. పేరు నిక్షయ్‌లో నమోదై ఉంటుంది కాబట్టి కాన్పుకో, పండక్కో పుట్టింటికి కర్నూలో గుంటూరో వెళ్లినా అక్కడి ఆసుపత్రికి బదిలీ చేయించుకుని మందులు తీసుకోవచ్చు. ప్రయాణం పేరుతో కోర్సు ఆపవద్దు.

మందులు మొదలుపెట్టాక మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడవద్దు. మొదటి నెలల్లో గడ్డ తగ్గకపోగా కొందరికి కాస్త పెరుగుతుంది, పక్కన కొత్త బిళ్ల కూడా రావచ్చు. "మందు పడలేదు" అని మానేసేది సరిగ్గా ఇక్కడే. మానకుండా డాక్టర్‌కు చూపించండి. కళ్లు పచ్చబడితే, వాంతులు ఆగకపోతే, చూపు మందగిస్తే మాత్రం వెంటనే చెప్పాలి. రంజాన్‌లో ఏం చేయాలని చాలామంది అడుగుతారు. జబ్బుమనిషికి రోజా విషయంలో సడలింపు ఉందన్నది అందరికీ తెలిసిందే. ఉపవాసం ఉండగలనని అనుకుంటే, రోజుకు ఒకసారి వేసుకునే మాత్రలను ఏ వేళకు మార్చుకోవాలో డాక్టర్‌నే అడగండి. మాత్ర మానేసి రోజా ఉండటం మాత్రం వద్దు.

కంఠమాలకు పచ్చి మేకపాలు తాగిస్తారు కొందరు. పచ్చిపాల ద్వారా పశువుల టీబీ మనుషులకు వచ్చి మెడ గ్రంథులకే పట్టడం ఉంది. మేకవైనా, బర్రెవైనా పాలు కాచే తాగాలి.

మింగితే కదిలే గడ్డ

అద్దం ముందు నిలబడి, గడ్డం కొంచెం పైకెత్తి, ఒక గుక్క నీళ్లు మింగండి. మెడ ముందు, గొంతు ముడికి కింద ఉన్న ఉబ్బు నీళ్లతో పాటు పైకి లేచి కిందికి దిగితే అది థైరాయిడ్‌కు సంబంధించింది కావచ్చు. గలగండం అని మనం, ఘేంగా అని ఉర్దూలో అనేది ఇదే. నాలుక బయటకు చాపినప్పుడు పైకి లాగినట్టయితే, అది పుట్టుకతో మిగిలిపోయిన నీటి తిత్తి కావచ్చు. దాన్ని ఆపరేషన్‌తో తీసేస్తారు.

అయోడిన్ లోపం గలగండానికి పాత కారణం. తినే ఉప్పులో అయోడిన్ ఉండాలన్న నిబంధన దేశమంతటా 2006 నుంచి ఉంది. అయినా కోస్తాలోనూ, యానాం పరిసరాల్లోనూ ఉప్పుమడుల నుంచి నేరుగా వచ్చే కల్లుప్పు వాడే ఇళ్లున్నాయి. కల్లుప్పు కొంటే అయోడిన్ కలిపినదేనా అని ప్యాకెట్ మీద చూడండి. డబ్బాకు మూత పెట్టండి, పొయ్యి పక్కన ఉంచకండి. క్యాబేజీ తింటే గలగండం వస్తుందని ఫోన్లలో తిరిగే మాటను పట్టుకుని కూర మానేసినవాళ్లున్నారు. మామూలుగా వండుకుని తినే క్యాబేజీతో భయం లేదు.

థైరాయిడ్ వాపు ఉన్నవాళ్లందరికీ రక్తపరీక్ష, స్కానింగ్ అవసరం. థైరాయిడ్‌లో ఒకేచోట ముడిలా గడ్డ ఉంటే సూది పరీక్ష కూడా చేయాల్సి రావచ్చు. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు "యునానీలోకి మారతాను, ఇది మానేయనా" అని అడుగుతుంటారు. మానవద్దు. ముఖ్యంగా గర్భంతో ఉన్నప్పుడు అసలే మానవద్దు.

చర్మం కింద మెత్తగా, దూదిలా జారే కొవ్వు గడ్డ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అది ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, ఎబ్బెట్టుగా ఉంటే తీయించుకోవచ్చు. నడుమ నల్లచుక్క ఉన్న తిత్తిని గోళ్లతో పిండకండి. మెడ పక్కన నాడిలా కొట్టుకునే ఉబ్బు ఉంటే దాన్ని నొక్కడం, మర్దనా చేయడం పనికిరాదు, డాక్టర్‌కు చూపాలి.

నొప్పి లేదని ఊరుకోకూడనిది

మనవాళ్లు నొప్పి లేకపోతే జబ్బు లేదనుకుంటారు. మెడ గడ్డ విషయంలో ఇది తలకిందులు. నొప్పి పెట్టే బిళ్ల చాలావరకు తగ్గిపోయేది. రాయిలా గట్టిగా ఉండి, నొప్పి లేకుండా, కదపబోతే కదలని గడ్డే అనుమానించాల్సింది. నలభై దాటినవాళ్లలో, పొగాకు అలవాటున్నవాళ్లలో దవడ కింద, మెడ పైభాగంలో ఇలాంటిది కనబడితే నోట్లోనో గొంతులోనో పుట్టిన క్యాన్సర్ గ్రంథులకు దిగిందేమో చూడాలి. సరతాన్ అని మా గ్రంథాల్లో పిలిచేది దీన్నే.

పొగాకు అంటే సిగరెట్ ఒక్కటే కాదు. గుట్కాను చాలా రాష్ట్రాలు నిషేధించాక పాన్‌మసాలా ఒక పొట్లంలో, జర్దా ఇంకో పొట్లంలో వస్తోంది, కలుపుకునేది మనమే. ఖైనీ, ఒడిశా వైపు పళ్లకు రుద్దే గుడాఖు, ఉత్తరకోస్తా నుంచి గంజాం దాకా కొందరు ఆడవాళ్లు నిప్పును నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ చుట్ట, నానీల పాందాన్‌లోని జర్దా అన్నీ ఆ లెక్కలోవే. నోట్లో మూడు వారాలైనా మానని పుండు, తెల్లమచ్చ, నోరు సరిగా తెరుచుకోకపోవడం, గొంతు బొంగురు, ఒక పక్క చెవిపోటు, మింగడం కష్టం, వీటిలో ఏదైనా గడ్డతో పాటు ఉంటే ఒక్క వారం కూడా మందులతో గడపకండి. ఎడమ కాలర్ ఎముక పైన గుంటలో గట్టి గడ్డ వస్తే కడుపు, ఛాతీ కూడా పరీక్ష చేయిస్తారు. గ్రంథుల్లోనే పుట్టే లింఫోమా అనే క్యాన్సర్ కుర్రవాళ్లకు కూడా వస్తుంది. మెడలో బిళ్లలు, జ్వరం, చెమటలతో అచ్చం టీబీలాగే కనబడుతుంది. పరీక్ష లేకుండా టీబీ మందులు మొదలుపెట్టకూడదనేది అందుకే.

బెంగళూరులో కిద్వాయి, చెన్నైలో అడయార్, ముంబైలో టాటా, కటక్‌లో ఆచార్య హరిహర ఆసుపత్రులు ఈ జబ్బులకున్న పెద్ద కేంద్రాలు. యానాం వాళ్లు మొదట కాకినాడ పెద్దాసుపత్రిలో చూపించుకోవచ్చు. అయితే మొదటి పరీక్షకే అంత దూరం పోనక్కర్లేదు. జిల్లా ఆసుపత్రిలో చెవి ముక్కు గొంతు డాక్టర్ చాలు.

సూది అంటే భయం

"సూది గుచ్చితే జబ్బు ఒళ్లంతా పాకుతుంది" అన్న మాట ఎక్కడ పుట్టిందో గాని, దాని వల్ల జరిగిన నష్టం అంతా ఇంతా కాదు. సన్నటి సూదితో గడ్డలోంచి కాసిని కణాలు తీసి గాజుపలక మీద పరిచి చూస్తారు. మత్తు అక్కర్లేదు, పది నిమిషాల పని, కుట్టు ఉండదు. మెడ గడ్డల్లో దీనివల్ల జబ్బు పాకుతుందనే భయంతో పరీక్ష మానుకోవాల్సిన పని లేదు. టీబీ అనుమానం ఉంటే ఆ నమూనాలోనే సీబీనాట్ పరీక్ష కూడా చేస్తారు. కొన్నిసార్లు సూదికి తేలక, గ్రంథిని తీసి చూడాల్సి వస్తుంది.

ఇది ఇంగ్లీషు వైద్యం మనమీద రుద్దిందని అనేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. వెయ్యేళ్ల కిందట అందులుస్‌లోని ఖుర్తుబా దగ్గర ఉండి "అల్ తస్రీఫ్" రాసిన అబుల్ ఖాసిం జహ్రావీ, మెడ ముందు వాపులో సూది దింపి లోపల ఏముందో చూసి ఆ తర్వాతే వైద్యం నిర్ణయించాలని రాశారు. సూది మన హకీముల పద్ధతే.

యునానీ మందులు ఎంతవరకు

మర్హమ్ దాఖ్లియూన్ గట్టి వాపులకు పేరున్న మలాం. అందులో పడే ముర్దార్‌సంగ్ సీసం నుంచి తయారయ్యేది. పగిలిన పుండు మీద, చిన్నపిల్లలకు, గర్భిణులకు దాన్ని రాయకూడదు. ఇత్రీఫల్ గుదూదీ గ్రంథుల వాపుకు ఇచ్చే మందు. పరీక్షలో జబ్బు తేలాక, పెద్ద జబ్బేమీ లేదని తెలిసినవాళ్లకు నేను ఇస్తుంటాను. టీబీకి గాని, క్యాన్సర్‌కు గాని వీటిని అసలు మందు స్థానంలో ఇవ్వను, ఇచ్చే హకీం దగ్గరకు పోవద్దని కూడా చెబుతాను. పేరు లేని పొట్లాల్లో అమ్మే కుష్తాలు, చూర్ణాలు మరీ ప్రమాదం. కొందరు వాటిలో స్టిరాయిడ్ కలుపుతారు. గడ్డ వారంలో కరిగినట్టు కనిపిస్తుంది, టీబీ అయితే లోపల పెరుగుతుంది, లింఫోమా అయితే తర్వాత చేసే పరీక్షలో సరిగా తేలదు.

గడ్డ మూడు వారాలు దాటినా తగ్గకపోతే, రేగుపండుకన్నా పెద్దదైతే, రోజురోజుకూ పెరుగుతుంటే డాక్టర్ దగ్గరకు వెళ్లండి. వెళ్లేటప్పుడు గడ్డ మొదట ఎప్పుడు తగిలిందో తేదీ, అప్పుడు ఎంత ఉందో, ఇప్పటిదాకా వాడిన మందులు, మాది సహా, ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. అక్కడి భాష రాని అమ్మీలతో, నానీలతో మాట్లాడగలిగిన పిల్లలు ఒకరు తోడు వెళ్లాలి. మెడ చూపించడానికి మొహమాటపడేవాళ్లు లేడీ డాక్టర్ ఉన్న రోజు ఏదో ముందే కనుక్కోవచ్చు. సూది పరీక్ష రిపోర్టుతో పాటు గాజుపలకలను కూడా అడిగి తీసుకుని భద్రపరచండి. రేపు ఇంకో ఊళ్లో డాక్టర్‌కు చూపాల్సి వస్తే మళ్లీ సూది గుచ్చే పని చాలావరకు తప్పుతుంది.